బ్యారేజీ నుంచి సముద్రం దాకా: మొదటి ముక్క



ఎండలు ముదిరాక నడక గురించి మాట్లాడ్డమేమిటని మీలో కొందరు రేడియో కట్టేయబోతారని నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. బెజవాడ ఎండలో మిట్టమధ్యాహ్నం రోడ్డెక్కమని నేను ఎవరికీ చెప్పబోవడం లేదు. కానీ మన దగ్గర చదువుకునే పిల్లలకైనా, పాఠాలు చెప్పే మేష్టర్లకైనా వరసగా నాలుగు రోజులు తీరిక దొరికేది వేసవిలోనే. ఏప్రిల్ నెలాఖరుకి బళ్ళు మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. కార్తీకమాసంలో వాతావరణం హాయిగా ఉంటుంది, అప్పుడు సెలవుండదు. సెలవున్నప్పుడు నిప్పులు కురుస్తుంటాయి. ఈ చిక్కులోంచే ఒక దూరపు నడకకి, అందులోనూ మొదటి ముక్కకి, దారి వెతకడం గురించి ఈ నాలుగు మాటలు.

మా మేనల్లుడొకడు అమెరికాలో ఉంటున్నాడు. ఆ మధ్య ఫోన్ చేసి, "మావయ్యా, ఈ సమ్మర్‌లో అప్పలాచియన్ ట్రెయిల్ ఒక సెక్షన్ నడుస్తున్నా" అన్నాడు. జార్జియా నుంచి మెయిన్ దాకా పద్నాలుగు రాష్ట్రాల గుండా పోయే కాలిబాట అది. దాదాపు 3,500 కిలోమీటర్లు. 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన ఆలోచన చెబితే, 1937కి ఆ చివర నుంచి ఈ చివరకి బాట పడింది. ఉద్యోగాలు మానుకుని, ఆరేసి నెలలు అడవుల్లోనే ఉండి మొత్తం నడిచేసేవాళ్ళు కొందరుంటారు. ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళు సెలవు దొరికినప్పుడల్లా ఒక ముక్క నడిచి, మళ్ళీ సెలవుకి ఆగినచోటు నుంచే మొదలుపెడతారు. వాడిది ఆ రెండో దారి. "మనకి అలాంటిది లేదు కదా మావయ్యా" అని నిట్టూర్చాడు. "మీ అమ్మమ్మగారి ఊళ్ళో కట్టెక్కి ఎప్పుడైనా చూశావట్రా?" అన్నాను.

నేను చెబుతున్నది కృష్ణ కరకట్ట సంగతి. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలుపెట్టి నదికి ఎడమగట్టునే దిగువకి పోతే యనమలకుదురు, పెదపులిపాక, చోడవరం, మద్దూరు, రొయ్యూరు, తోట్లవల్లూరు తగులుతాయి. ఇంకా కిందకి పోతే శ్రీకాకుళం. ఉత్తరాన జిల్లా కేంద్రం కాదు, ఘంటసాల మండలంలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం. ఆ తర్వాత పులిగడ్డ. అక్కడ నది రెండు పాయలై దివిసీమని ఒడిలో పెట్టుకుంటుంది. అవనిగడ్డ, కోడూరు దాటి చివరికి హంసలదీవి, వేణుగోపాలస్వామి గుడి, సాగరసంగమం. మొత్తం నూరు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. కుడిగట్టున నడిచేవాళ్ళకి సీతానగరం, చిర్రావూరు, ఆ తర్వాత కొల్లిపర, కొల్లూరు మండలాల మీదుగా పెనుమూడి దాకా మరో కట్ట ఉంది. నేను పుట్టిపెరిగింది ఎడమగట్టున కాబట్టి నా పక్షపాతం అటే.

ఈ కట్టని ఎవరూ నడకరాయుళ్ళ కోసం పోయలేదు. వరదని ఆపడానికి పోశారు. 1852లో కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో పని మొదలై, ఆర్థర్ కాటన్ సంకల్పించిన ఆనకట్ట 1855కి పూర్తయింది. దాదాపు వందేళ్ళు పనిచేసి 1952లో తెగింది. ఇప్పుడు మనం చూస్తున్న డెబ్భై గేట్ల బ్యారేజీ 1957 నాటిది. 2009 అక్టోబరులో ఆ గేట్ల కింద నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు పోయింది. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ రికార్డూ చెరిగిపోయింది, 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. అంత నీటికీ ఊళ్ళకీ మధ్య అడ్డంగా నిలబడింది ఈ మట్టికట్టే. మే నెలలో దాని మీద నిలబడి చూస్తే మటుకు ఆ మాట నమ్మబుద్ధి కాదు. కుడిపక్క ఇసుక, ఇసుక, మధ్యలో ఎక్కడో నాలుగు గేదెలు పడుకున్న నీటిమడుగు.

ఇలాంటి గట్ల మీద నడక మన వాళ్ళకి కొత్తేం కాదు. రోడ్లూ రైళ్ళూ సరిగా లేని రోజుల్లో డెల్టా కాలువల మీద పడవల్లోనే జనమూ ధాన్యమూ ప్రయాణం చేశారు. గాలి వాలు లేనప్పుడు మనుషులు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని పడవని లాగారు. బెజవాడ నుంచి ఏలూరు కాలువ మీద గోదావరి వైపూ, ఇటు కొమ్మమూరు కాలువ మీద పెదగంజాం దాకా పోయి బకింగ్‌హాం కాలువలోకి దిగి మద్రాసు దాకా. వాళ్ళు నడిచిన దూరాల ముందు మన సెలవుల నడక ఏపాటిది.

ముక్కలు ముక్కలుగా నడవడం చిన్నతనమని అనుకునేవాళ్ళకి అమృత్‌లాల్ వేగడ్ గురించి చెప్పాలి. జబల్పూర్‌లో చిత్రకళ నేర్పే అధ్యాపకుడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నవాడు. నర్మద చుట్టూ పరిక్రమ చేయాలంటే మొక్కుకున్నవాళ్ళు మూడేళ్ళ మూడు నెలల పదమూడు రోజుల లెక్కన నడుస్తారు. ఈయనకి ఉద్యోగం ఉంది, సంసారం ఉంది. అందుకని 1977లో, యాభై ఏళ్ళు దగ్గరపడుతుండగా, జబల్పూర్ నుంచి మండ్లా దాకా మొదటి ముక్క నడిచాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, వీలు చిక్కినప్పుడల్లా, ఆపినచోట మొదలుపెట్టి నది పొడవునా తిరిగాడు. దారిలో బొమ్మలు గీశాడు, ఇంటికొచ్చి పుస్తకాలు రాశాడు. గుజరాతీలో ఆయన రాసిన నర్మదా పుస్తకానికి 2004లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఒక్క బిగిన నడిచినవాళ్ళెవరికీ నది అంత నెమ్మదిగా కనబడి ఉండదని నా అనుమానం.

సరే, మన ముక్క సంగతి చూద్దాం. మొదటిసారికి బ్యారేజీ నుంచి తోట్లవల్లూరు దాకా చాలు. ముప్ఫై కిలోమీటర్ల దరిదాపు ఉంటుంది. రెండు ఉదయాల పని. "ముప్ఫయ్యేనా, ఒక్కరోజులో కొట్టేస్తాం" అనే కుర్రాళ్ళు ఉంటారు. డిసెంబరులో అయితే కొట్టండి. మేలో కొలత కిలోమీటర్లతో వేయకూడదు. నీడ ఎంతసేపు, నీళ్ళు ఎంత దూరం, తెల్లారడానికి ఎంత టైముంది, ఈ మూడూ చూసుకున్నాక మిగిలిందే దూరం.

ముందు గడియారం. మే మధ్యలో మనకి సూర్యుడు ఐదున్నరకల్లా వచ్చేస్తాడు. ఎనిమిదిన్నరకి ఎండ చురుక్కుమంటుంది, పదికి తారు మెత్తబడుతుంది. కాబట్టి తెల్లవారుజామున నాలుక్కి కట్టెక్కాలి, ఎనిమిదిన్నరకి దిగిపోవాలి. ఆ నాలుగున్నర గంటల్లో ఆగుతూ సాగుతూ పదిహేను కిలోమీటర్లు సాధారణ ఆరోగ్యం ఉన్న మనిషి నడవగలడు. ఇదేం నేను కనిపెట్టిన చిట్కా కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు కాశీయాత్రకి బయల్దేరింది కూడా మే నెలలోనే. 1830 మే 18న, రాత్రి తొమ్మిది గంటలకి, మద్రాసులో తన తోట విడిచి మాధవరం చేరారాయన. నడిచింది ఆయన కాదు లెండి, పల్లకీ మోసిన బోయీలూ వెంట వచ్చిన పరివారమూ. పదిహేను నెలల పైన సాగిన ఆ యాత్రలో ప్రతి మజిలీకీ దూరమెంత, నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అన్నది ఓపిగ్గా రాసుకుంటూ పోయారు. నడక ప్లాన్ వేసుకునేవాళ్ళు ఆయన పుస్తకాన్ని చరిత్ర కోసం కాకుండా ఆ పద్ధతి కోసం ఒకసారి తిరగేయాలి. ఇంకా దగ్గరికొస్తే, 1951లో వినోబా భావే సేవాగ్రామ్ నుంచి కాలినడకన హైదరాబాద్ పక్కనున్న శివరాంపల్లికి వచ్చి, అక్కణ్ణించి పల్లెలు తిరుగుతూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. నిండు వేసవి. ఆయన నడక కూడా తెల్లవారకముందే మొదలయ్యేది.

నాలుగింటికి చీకటి కదా అంటారు. అందుకే నడక తేదీని ఆఫీసు కాలెండరు చూసి కాకుండా పంచాంగం చూసి పెట్టుకోవాలి. పౌర్ణమి మర్నాటి నుంచి బహుళ సప్తమి, అష్టమి దాకా తెల్లవారుజామున చంద్రుడు ఆకాశంలో ఉంటాడు. పాడ్యమికీ విదియకీ పడమట వాలి, నది మీద ఉంటాడు. అష్టమి నాటికి నడినెత్తికి వస్తాడు. శుక్లపక్షంలో ఈ సౌకర్యం లేదు, తెల్లవారకముందే దిగిపోతాడు. వైశాఖ పౌర్ణమి దాటిన నాలుగైదు రోజులు మన పనికి సరిగ్గా సరిపోతాయి. టార్చి మాత్రం వెన్నెల ఉన్నా తీసుకెళ్ళాలి. అది దారి కోసం కాదు, పాముల కోసం. లంకల పక్కన నాగుపామూ, రక్తపింజరా, కట్లపామూ మూడూ తిరుగుతాయి. పగలు వేడెక్కిన తారు రాత్రి కూడా గోరువెచ్చగా ఉంటుంది కాబట్టి రోడ్డు మీదకి వచ్చి పడుకుంటాయి కూడాను. చెప్పులతో కాకుండా చీలమండ కప్పే బూట్లతో, అడుగు ముందు వెలుగు పడేలా నడిస్తే భయం లేదు. ఒకవేళ కాటుపడితే గాట్లు పెట్టడం, కట్లు బిగించడం, నోటితో పీల్చడం, మంత్రగాడి దగ్గరికి పరుగెత్తడం, ఇవేవీ వద్దు. మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి.

కట్ట మీద ఏ పక్కన నడవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఎండాకాలంలో అదే సగం నడక. విజయవాడ నుంచి తోట్లవల్లూరు వైపు పోతుంటే మన మొహం ఆగ్నేయానికి ఉంటుంది. మే నెల సూర్యుడు ఈశాన్యం వైపు జరిగి పొడుస్తాడు, అంటే మన ఎడమ చెంప మీద. ఎడమపక్కనే ఊళ్ళూ తోటలూ కూడా. వాలులో ఉన్న చెట్ల నీడ పొద్దున్నపూట కట్ట మీదకి పడుతుంది. ఎడమ అంచు పట్టుకుని నడిస్తే ఏడున్నర దాకా ఎండ తగలని చోట్లు బోలెడు. సాయంత్రం నడుద్దామనుకుంటే లెక్క తిరగబడుతుంది. సూర్యుడు నది వైపు ఉంటాడు, మధ్యలో అడ్డం ఒక్క చెట్టు ఉండదు, పగలంతా కాగిన ఇసుక మీదుగా పడమటి గాలి సెగలా వచ్చి కొడుతుంది. మధ్యాహ్నం నిద్రపోయి సాయంత్రం ఇంకో ఐదు కిలోమీటర్లు కలుపుదామన్న ఆశ తోట్లవల్లూరు దాకా పెట్టుకోవద్దు. దివిసీమలో దిగాక సంగతి వేరు, అక్కడ పొద్దువాటారితే పైరగాలి వస్తుంది.

ఇక నీళ్ళు. ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తాపడతారు. కృష్ణా డెల్టా అంటే ఎక్కడ చూసినా నీళ్ళేననే ఊహ అందరిదీ. పదమూడు లక్షల ఎకరాల ఆయకట్టు, ఊరూరా కాలువ, కాలువకో లాకు. కానీ దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, మళ్ళీ వదిలేది జూన్ దాటాకే. సరిగ్గా మన సెలవుల్లో కాలువలో ఉండేది నెర్రెలిచ్చిన బురదా, పూడిక తీసే పొక్లెయినూ. కాలువ కట్టేసే ముందే ప్రతి ఊళ్ళో మంచినీళ్ళ చెరువు నింపుకుని రెండు నెలలు దాంతో గడుపుకుంటారు. అందుకని కాలువనో నదినో నమ్ముకుని సీసా ఖాళీ పెట్టుకోకూడదు. మనిషికి రెండున్నర లీటర్లు బయల్దేరేటప్పుడే ఉండాలి. గట్టిగా నడిస్తే ఈ ఉక్కలో గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా చెమటగా పోతుంది. దాహమయ్యేదాకా ఆగకుండా, పావుగంటకోసారి నాలుగు గుక్కలు. ఉత్త నీళ్ళే తాగుతూ పోయినా కష్టమే, ఉప్పు పోతుంది కదా. ఓఆర్ఎస్ పొట్లాలు జేబులో పెట్టుకోండి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. మాకు ఇంట్లో దీనికంటే మజ్జిగే ఇష్టం, ఉప్పేసి, నిమ్మాకు నలిపి వేసి.

దారిలో నీళ్ళు దొరికే చోట్లు ముందే తెలుసుకుని కాగితం మీద రాసుకోండి. ఊరికో మినరల్ వాటర్ ప్లాంటు ఉంది గానీ చాలాచోట్ల ఏడింటికి ముందు తాళం తీయరు. నాలుగింటికి బయల్దేరినవాడికి మొదటి మూడు గంటలూ దాంతో ఉపయోగం లేదు. టీ బడ్డీ అంతకన్నా నయం, పాలవాడితో పాటే తెరుచుకుంటుంది. అన్నిటికంటే మేలు చలివేంద్రం. ఉగాది దాటగానే తాటాకు పందిరీ, కింద ఇసుక పోసి దాని మీద నాలుగు కుండలూ, కుండకి తడిగుడ్డా, పక్కన పొడుగు కాడ గరిటె. ఇసుక మీద నీళ్ళు చల్లుతూ ఉంటారు. ఆ ఇసుకలోనూ తడిగుడ్డలోనూ నీరు ఆవిరయ్యే కొద్దీ కుండ చల్లబడుతుంది. పోసే ఆవిడ మీ దోసిలి వంక చూస్తూ ధార సన్నం చేస్తుంది, పెంచుతుంది. గ్లాసులో పోసిచ్చినప్పుడు లేని రుచి దోసిలిలో ఎందుకుంటుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మీ సీసా నింపమంటే మాత్రం మొహమాటపడకుండా అడగండి, వాళ్ళు కాదనరు. అయితే కుండ నీళ్ళు పడని పొట్టలు కొన్ని ఉంటాయి, ఎవరి పొట్ట వాళ్ళకి తెలుస్తుంది.

తిండి విషయం చెప్పనక్కర్లేదనుకుంటా. ఈ కాలంలో కట్ట పక్కన ముంజలు కొట్టి అమ్ముతుంటారు, బోండాలు ఉంటాయి, మామిడిపళ్ళకి లోటు లేదు. బయల్దేరే ముందు పెరుగన్నం నాలుగు ముద్దలు తింటే ఎనిమిదింటి దాకా కడుపు చూసుకోనక్కర్లేదు. దారిలో గారెలూ పునుగులూ వేడివేడిగా కనిపిస్తాయి. కళ్ళతో తిని ముందుకు పోండి.

సామాను గురించి అంగళ్ళవాళ్ళు చెప్పేది వినకండి. 1955లో అప్పలాచియన్ బాట మొత్తం ఒంటరిగా నడిచిన ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ వయసప్పటికి 67 ఏళ్ళు, పదకొండు మంది పిల్లల తల్లి. మామూలు గుడ్డ బూట్లు తొడుక్కుని, తను కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని నడిచింది. వానకి అడ్డం స్నానాల గదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెర. మనకి రెండు ఉదయాల నడకకి ఇంతకంటే ఏం కావాలి? పిల్లల స్కూలు సంచి చాలు. అందులో నీళ్ళు, తువ్వాలు, ఒక జత మేజోళ్ళు, టోపీ, ఫోనుకి చార్జింగ్ డబ్బా. నేను పట్టుబట్టేది రెండింటి మీద. మొదటిది గొడుగు. అవును, మామూలు గొడుగే, నల్లది కాకుండా లేత రంగుదైతే మరీ మంచిది. ట్రెక్కింగ్ అంటూ గొడుగు పట్టుకుపోతే కుర్రాళ్ళు నవ్వుతారు. అమెరికాలో పసిఫిక్ క్రెస్ట్ బాట మీద, కాలిఫోర్నియా ఎడారి భాగంలో నడిచేవాళ్ళు వెండి రంగు గొడుగులు సంచికి కట్టుకుని మరీ పోతారు. టోపీ తలకి మాత్రమే నీడ ఇస్తుంది, గొడుగు భుజాలకీ వీపుకీ కూడా ఇస్తుంది. గాలి ఆడుతుంది కూడా.

రెండోది కాళ్ళు. ఎండలో నడిస్తే పాదాలు ఉబ్బుతాయి. కొలతకి సరిగ్గా సరిపోయిన బూటు పదో కిలోమీటరు దగ్గర బిగుస్తుంది. చెమట తడికి చర్మం మెత్తబడి, ఇసుక రేణువు దూరి, మడమ దగ్గరా చిటికెనవేలి పక్కనా రాపిడి మొదలవుతుంది. మొదట వేడిగా అనిపిస్తుంది. అక్కడే ఆగాలి. బూటు విప్పి, పాదం తుడిచి, ఆరనిచ్చి, ఆ చోట మెత్తటి ప్లాస్టరు వేసి, మేజోళ్ళు మార్చాలి. ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలకి బద్ధకిస్తే అరగంటలో బొబ్బ లేస్తుంది, ఇక రెండో రోజు నడక ఉండదు. కొత్త బూట్లు ఈ నడకకి తొడగొద్దు. నెల రోజులు వీధుల్లో తిరిగి అలవాటైనవే తొడగండి.

ఆ నెల రోజులూ ఊరికే కూర్చోకూడదు. ఎండకి ఒళ్ళు అలవాటుపడడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా కట్ట మీదకొస్తే ఒళ్ళు తట్టుకోదు. విజయవాడ వాళ్ళకి గాంధీకొండ ఉంది, యనమలకుదురులో రామలింగేశ్వరస్వామి కొండ మెట్లున్నాయి. రోజూ పొద్దున్నే గంట, ఆ తర్వాత గంటన్నర, సంచిలో నీళ్ళ సీసాలు పెట్టుకుని. బీపీకి నీటి మాత్రలు వాడేవాళ్ళూ, షుగరున్నవాళ్ళూ, గుండె జబ్బున్నవాళ్ళూ డాక్టరుని అడక్కుండా రావద్దు.

వడదెబ్బ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 2015 మే నెలాఖరు వడగాడ్పులు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాయి. మైదాన ప్రాంతంలో 45 డిగ్రీలు తాకితే వాతావరణ శాఖ దాన్ని వడగాలి కిందే లెక్కవేస్తుంది. తీరప్రాంతంలో 37 దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువున్నా అదే లెక్క. ఉక్క ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. వేసవిలో విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా హెచ్చరికలు ఇస్తుంది. ముందురోజు సాయంత్రం మీ దారిలోని మండలాల పేర్లు అందులో కనిపిస్తే నడక మానేయండి. అడ్వాన్సులు కట్టిన హోటళ్ళేం లేవుగా. దారిలో తలనొప్పి, వికారం, కాళ్ళు పట్టేయడం మొదలైతే నీడకి చేరి కూర్చుని ఉప్పు కలిపిన మజ్జిగ తాగాలి. మాట తడబడినా, అడిగినదానికి పొంతనలేని జవాబిచ్చినా ఇంకేం ఆలోచించవద్దు. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు కూడా. బట్టలు వదులు చేసి, దొరికిన నీళ్ళన్నీ ఒంటి మీద పోసి, విసురుతూ, 108 పిలవాలి. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఈ మొదటి ముక్కని ఎంచుకోవడానికి అసలు కారణం కూడా ఇదే. కట్టకి సమాంతరంగా కంకిపాడు, ఉయ్యూరుల మీదుగా బందరు హైవే పోతోంది. ఏ ఊళ్ళో ఆగిపోయినా ఆటో ఎక్కి హైవేకి చేరితే బస్సు సిద్ధం. ఓపిక అయిపోయినచోట మర్యాదగా దిగిపోయే వీలు లేని దారి మొదటిసారికి పనికిరాదు. 2003 వేసవిలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన రాజశేఖరరెడ్డి గారికి వెంట డాక్టర్లున్నా, రాజమండ్రి దగ్గర ఎండదెబ్బకి ఆగాల్సి వచ్చింది. మన వెనక అంబులెన్సు రాదు.

రాత్రి బస గురించి అడుగుతారు. మొదటి ఉదయం మద్దూరు దగ్గర ఆపి, బస్సెక్కి ఇంటికొచ్చి, ఫ్యాను కింద పడుకుని, మర్నాడు తెల్లవారుజామున ఎవరి చేతనైనా బండి మీద అక్కడే దింపించుకుంటే అంతకంటే సుఖం లేదు. చుట్టాలింట్లో దిగుదామనుకుంటే జాగ్రత్త. ఈ గట్టున చుట్టాలు లేని ఊరు ఎవరికీ ఉండదు. "ఇంత ఎండలో నడిచొచ్చావా, మా పరువేం కాను" అని ముందు తిడతారు. తర్వాత నాలుగు కూరలూ ఆవకాయా నెయ్యీ వేసి కదలనివ్వరు. మర్నాడు ఎంత చెప్పినా వినకుండా పిన్నిగారబ్బాయి మోటారు సైకిల్ తీసి మిమ్మల్ని తోట్లవల్లూరులో దింపి వస్తాడు. ఆ రోజు కిలోమీటర్లు లెక్కలోకి రావు. ఆడవాళ్ళు నలుగురు కలిసి నడిచేటప్పుడు మాత్రం తెలిసినవాళ్ళ ఇల్లు దారిలో ఒకటి ఉండడం నిజంగా అవసరం. కట్ట మీద పబ్లిక్ మరుగుదొడ్లు వెతుక్కోవడం కష్టం, గుడి దగ్గరో పెట్రోలు బంకులోనో అడగాల్సిందే.

ఇంకో జాగ్రత్త. ఇసుక లారీలు, ట్రాక్టర్లు తెల్లవారుజామునే తిరుగుతాయి. కట్ట వెడల్పు తక్కువ. ఎదురుగా వచ్చే బండి కనిపించేలా కుడి అంచున నడవమని రూలు చెబుతుంది, నీడేమో ఎడమ అంచున ఉంటుంది. చీకటి ఉన్నంతసేపూ రూలు పాటించండి, తెల్లారి ఎండ పొడిచాక నీడ పట్టుకోండి. లేత రంగు చొక్కా వేసుకోవాలి. ఊరికుక్కలకి మీరు కొత్త, చేతిలో కర్ర ఉంటే చాలు, ఎత్తక్కర్లేదు.

తోట్లవల్లూరు తర్వాత సంగతి ఈ వేసవికి వద్దు. ముఖ్యంగా అవనిగడ్డ దిగువ ముక్క. కోడూరు దాటాక భూమిలో నీళ్ళు ఉప్పన, చెట్టు నీడ కరువు, పాలకాయతిప్ప వైపు ఇసుకా మడ అడవీ తప్ప ఆగడానికి చోటు లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన ఊడ్చుకుపోయిన నేల అది. అక్కడ నడిచేటప్పుడు ఒళ్ళు కూడదీసుకోవడమే సరిపోతే ఊళ్ళలో మనుషుల్ని కూర్చోబెట్టి ఏం వింటాం? దానికి మాఘమాసం ఉంది. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్రస్నానాలకి జనం వస్తారు, పొద్దున్నే చలి కూడా ఉంటుంది. మోపిదేవిలో దేవస్థానం గదులున్నాయి. శ్రీకాకుళం, పులిగడ్డ ముక్కని దసరా సెలవుల్లో పెట్టుకోవచ్చు గానీ అప్పటికి నదిలో వరద ఎంతుందో చూసుకోవాలి.

మా మేనల్లుడు డిసెంబరులో వస్తున్నాడు. వాడికి ఎండ గొడవ లేదు. తోట్లవల్లూరు నుంచి మొదలుపెడతానంటున్నాడు, మొదటి ముక్క చిన్నప్పుడే సైకిల్ మీద తిరిగేశాననీ, అది లెక్కేననీ వాడి వాదన. లెక్క కాదని నేనంటున్నాను. ఈ తగువు ఇంకా తెగలేదు.

వేసవి నడకకి బయల్దేరేవాళ్ళు పంచాంగం తీసి వైశాఖ బహుళ పాడ్యమి ఏ వారం వచ్చిందో చూసుకోండి. శని, ఆదివారాలు కలిసొస్తే బస్సుల్లో జనం ఎక్కువ. తిరుగు ప్రయాణం ఉయ్యూరులో ఎక్కడం కంటే తోట్లవల్లూరులోనే ఆటో మాట్లాడుకోవడం నయం.